మొదటి రౌండు భయం

2025 ఫిబ్రవరి 20వ తేదీ తెల్లవారుజామున మూడున్నర గంటలకు మా కాలేజీ హాస్టలులో ఒక గదిలో దీపం వెలుగుతూ వుంది. ఆ సంవత్సరం డిప్యూటీ వార్డెను పదవి నా మెడకు తగిలించారు గనుక, చదువుతున్నారో పేకాడుతున్నారో చూద్దామని వెళ్ళాను. రెండూ కాదు. యేడుగురు కుర్రాళ్ళు ఒక ఫోను చుట్టూ తలలు చేర్చి కూర్చున్నారు. మాడ్రిడ్ నగరంలో ఆట అప్పుడే ముగిసింది. మాంచెస్టర్ సిటీ 3-1గా ఓడిపోయి యూరప్ ఛాంపియన్స్ లీగు నుంచి వెళ్ళిపోయింది. అంతకు ఎనిమిది రోజుల ముందు సొంత మైదానంలో కూడా రియల్ మాడ్రిడ్ చేతిలో 3-2గా ఓడింది. లేత నీలం చొక్కా తొడుక్కున్న ఒక బి.ఎ. రెండో సంవత్సరం విద్యార్థి, కళ్ళనీళ్ళు పెట్టుకోవడం ఒక్కటే తరువాయిగా, నన్ను అడిగాడు: "యిదేం పద్ధతి సార్? యింత పెద్ద జట్లు ఫైనల్లో తగలాలి గాని యింత ముందే తగిలితే యెలా? యెవరో చిన్నవాళ్ళతో వేస్తే పోయేదిగా."

పడుకోండిరా అని చెప్పి వచ్చేశాను. నాకు మాత్రం నిద్ర పట్టలేదు. ఆ ప్రశ్న అడిగినవాడు కౌలురైతు కొడుకు. ఆ యేడు ఫీజు కట్టడానికి రెండుసార్లు గడువు అడిగినవాడు. "చిన్నవాళ్ళతో వేస్తే పోయేదిగా" అనే మాట వాడి నోట్లో యెవరు పెట్టారు?

ఆ మాటకు కన్నతండ్రి వున్నాడు. 1987లో, అప్పటి యూరోపియన్ కప్పు మొదటి రౌండుకు చీట్లు తీస్తే రియల్ మాడ్రిడ్‌కూ నాపోలీకీ జత పడింది. రియల్ మాడ్రిడ్ అప్పటికే ఆరుసార్లు ఆ కప్పు యెత్తిన క్లబ్బు. నాపోలీ ఇటలీ దక్షిణాదిన, పేదరికానికీ వలసలకూ పేరుపడిన నేపుల్స్ నగరానిది. మారడోనా వచ్చిన తరువాత, ఆ సంవత్సరమే, తన చరిత్రలో మొట్టమొదటిసారి ఇటలీ ఛాంపియన్ అయింది. మాడ్రిడ్‌లో మొదటి ఆట ప్రేక్షకులు లేకుండా జరిగింది. అంతకు ముందటి సీజనులో జరిగిన అల్లరికి రియల్‌కు పడిన శిక్ష అది. ఖాళీ గాలరీల నడుమ రియల్ 2-0గా నెగ్గింది. నేపుల్స్‌లో నాపోలీ ముందుగా గోలు కొట్టింది, విరామానికి కాస్త ముందు బుత్రగ్వేన్యో సమం చేశాడు. 1-1. అంతటితో మారడోనాకు ఆ యేటి కప్పు ముగిసింది.

దుఃఖం నేపుల్స్‌ది. దానిలోంచి పథకం అల్లినవాడు మాత్రం నేపుల్స్‌వాడు కాడు. ప్రయివేటు టెలివిజన్ చానళ్ళకు అధిపతి, 1986లో ఎ.సి. మిలాన్ క్లబ్బును కొనుక్కున్నవాడు, తరువాత ఇటలీకి ప్రధానమంత్రి అయినవాడు సిల్వియో బెర్లుస్కోనీ. యింత పెద్ద క్లబ్బులు మొదటి రౌండులోనే నిష్క్రమించడం ఆర్థికంగా అర్థంలేని పని అన్నది ఆయన వాదనకు సారం. ఆయన వాదనతో వూరుకోలేదు. 1988లో సాచీ అండ్ సాచీ అనే వాణిజ్య ప్రకటనల కంపెనీ చేత యూరప్ పెద్ద క్లబ్బులకు ఒక లీగు యెలా వుండాలో నమూనా రాయించాడు. పాఠకులు గమనించాలి: ఆట నియమాలు రాయడానికి పిలిచింది ఆటగాళ్ళను కాదు, సబ్బులకూ రాజకీయ పార్టీలకూ ప్రచారం చేసిపెట్టే కంపెనీని. మా విద్యార్థి బెర్లుస్కోనీ పేరు విన్నాడో లేదో నాకు తెలియదు. ఆయన మాట మాత్రం, ముప్పైయెనిమిదేళ్ళ తరువాత, అర్ధరాత్రి దాటాక, పొల్లుపోకుండా అప్పజెప్పాడు.

యీ వ్యాసం ఆ కుర్రవాడి మీద కాదు. ఆ మాటను శాస్త్రీయమనీ, ప్రజాస్వామికమనీ సమర్థించే పెద్దల మీద. వారిలో మన మిత్రులు కూడా కొందరు వున్నారు గనుక రాయవలసివచ్చింది.

పాతకాలం స్వర్ణయుగమని నేను చెప్పబోవడం లేదు. యూరోపియన్ కప్పు పుట్టింది కార్మికసంఘం ఆఫీసులో కాదు. ఇంగ్లండు పత్రికలు తమ ఊల్వ్స్ జట్టే ప్రపంచ ఛాంపియనని చాటుకుంటుంటే, అలా అయితే తేల్చుకుందాం రమ్మని, లెకిప్ అనే ఫ్రెంచి క్రీడాపత్రికలో గాబ్రియెల్ హనో లేవదీసిన ఆలోచన అది. పత్రిక అమ్మకాలకు పనికివస్తుందని ఆ పత్రికకు తెలియదని యెవరూ అనుకోనక్కరలేదు. 1955లో మొదటి పోటీకి 16 క్లబ్బులను ఆ పత్రికే యెంచి పిలిచింది. కాని త్వరలోనే స్థిరపడిన నియమం చాలా సాదా అయినది. ఒక దేశానికి ఒక క్లబ్బు, ఆ దేశపు ఛాంపియన్. అదనంగా, కిందటేడు కప్పు నెగ్గినవాడు. చీట్లు తీస్తారు. నీ మైదానంలో ఒక ఆట, నా మైదానంలో ఒక ఆట. మొత్తం మీద ఓడినవాడు యింటికి. 32 క్లబ్బులు దిగితే 61 ఆటల్లో ఆ సంవత్సరం వ్యవహారం తేలిపోయేది.

యిందులో మొదటి రౌండుకున్న మహిమ యేమిటంటే, అది యెవరి పూర్వచరిత్రనూ లెక్కచేయదు. 1978లో లివర్‌పూల్ వరుసగా రెండుసార్లు యూరప్ ఛాంపియన్. మొదటి రౌండులో దానికి యెదురుపడింది నాటింగ్‌హాం ఫారెస్ట్, 1977 వేసవి దాకా ఇంగ్లండు రెండో డివిజనులో వున్న జట్టు. ఫారెస్ట్ సొంతవూళ్ళో 2-0గా నెగ్గింది, లివర్‌పూల్ వెళ్ళి 0-0గా నిలబడింది, ఆ సంవత్సరం కప్పు యెత్తింది, మరుసటి సంవత్సరం కూడా యెత్తింది. అహంకారం తలకెక్కే లోపల 1980 వచ్చింది. బల్గేరియా సైన్యం క్లబ్బు సి.ఎస్.కె.ఎ. సోఫియా మొదటి రౌండులోనే ఫారెస్ట్‌ను అక్కడొకటి యిక్కడొకటిగా, రెండు ఆటల్లోనూ 1-0తో, పంపించివేసింది. యెక్కిన నిచ్చెన మెట్టే దిగడానికీ పనికివచ్చింది. 1967లో గెలిచిన గ్లాస్గో సెల్టిక్ సంగతి చాలామందికి తెలుసు. ఆ పదకొండుమందీ గ్లాస్గోకు ముప్పై మైళ్ళ లోపల పుట్టినవాళ్ళే. వారి శిక్షకుడు జాక్ స్టీన్ బొగ్గుగనిలో పనిచేసి వచ్చినవాడు. ఆ యేడు మొదటి రౌండులో జూరిచ్‌తో మొదలుపెట్టి, లిస్బన్ ఫైనల్లో మిలాన్ నగరపు ఇంటర్‌ను 2-1గా ఓడించారు. యిలాంటివి అప్పుడప్పుడూ జరిగే అద్భుతాలేనని అంటారు గదా? 1986 నుంచి 1991 దాకా ఆరేళ్ళలో కప్పు నెగ్గినవి రుమేనియా, పోర్చుగల్, నెదర్లాండ్స్, ఇటలీ, యుగోస్లావియా క్లబ్బులు. ఆరేళ్ళు, అయిదు దేశాలు. రెండుసార్లు గెలిచింది బెర్లుస్కోనీగారి మిలానే. పాత పద్ధతి ఆయనకు అన్యాయం చేసింది కూడా లేదు!

యిక్కడ మనవాళ్ళకు రుచించని మాట కూడా ఒకటి చెప్పాలి. ఆ మొదటి రౌండును పాడుచేసింది డబ్బు ఒక్కటే కాదు. 1968 ఆగస్టులో ప్రాగ్ వీధుల్లోకి టాంకులు దిగిన తరువాత, పశ్చిమ క్లబ్బులు తూర్పుకు వెళ్ళమన్నాయి. ఫెరెంత్స్వారోష్‌తో జతపడిన సెల్టిక్ కూడా అభ్యంతరం చెప్పినవాటిలో వుంది. యూరప్ ఫుట్‌బాల్ సంఘం తీసిన చీట్లను చింపి, తూర్పు తూర్పుకూ పడమర పడమరకూ పడేలా మళ్ళీ తీసింది. దానికి నిరసనగా సోవియట్ యూనియన్, పోలెండ్, హంగేరీ, తూర్పు జర్మనీ, బల్గేరియా క్లబ్బులు తప్పుకున్నాయి. నిరసన న్యాయమైనదేనని కొందరు యింకా అంటారు. చీట్లు చింపడం అన్యాయమే. టాంకులు పంపినవారికి దానిమీద నిరసన తెలిపే నైతికాధికారం యెక్కడిదో నాకు బోధపడదు. యెటునుంచి వచ్చినా బలవంతుడి కన్ను ముందు పడేది చీట్ల పెట్టె మీదే.

బెర్లుస్కోనీ అడిగిన లీగు ఒక్కరోజులో రాలేదు. వాయిదాల మీద వచ్చింది. 1991-92లో క్వార్టర్ ఫైనల్సూ సెమీఫైనల్సూ తీసివేసి ఆ చోట రెండు గ్రూపులు పెట్టారు. 1992లో పేరు మార్చారు. 1997లో, ఛాంపియన్లు కాని క్లబ్బులను ఛాంపియన్స్ లీగులోకి రానిచ్చారు. యెనిమిది పెద్ద దేశాల రెండో స్థానంవారికి తలుపు తీశారు. 1999లో ఆ తలుపు నాలుగో స్థానం దాకా వెడల్పయింది. 2018లో నాలుగు పెద్ద లీగుల నుంచి నాలుగేసి క్లబ్బులు యే అర్హత ఆటా ఆడకుండా నేరుగా వచ్చి కూర్చునే యేర్పాటు అయింది. 2024లో 36 క్లబ్బులు, ఒక్కొక్కదానికి యెనిమిది ఆటలు, మొత్తం 189 ఆటలు. మొదటి యెనిమిది స్థానాలు నేరుగా ముందుకు. తొమ్మిదో స్థానం నుంచి యిరవైనాలుగో స్థానం దాకా మరో నాకౌటు. మా విద్యార్థి యేడ్చిన మాంచెస్టర్ సిటీ ఆ యెనిమిది ఆటల్లో మూడే గెలిచి, 36 మందిలో 22వ స్థానంలో నిలిచింది. మూడింట ఓడి 15వ స్థానంలో నిలిచిన పారిస్ క్లబ్బు చివరికి కప్పే యెత్తింది. సెప్టెంబరులో ఓడిపోతే యింటికి అనే భయం పోయింది. జనవరి ఆఖరు దాకా ఓడుతూ వుండవచ్చు.

పంపకం చూడండి. 2018లో బహుమతి సొమ్ములో నూటికి 30 వంతులు, గడిచిన పదేళ్ళలో యెవరు యెంత బాగా ఆడారన్న లెక్క మీద పంచారు. 2024 నుంచి ఆ చరిత్రనూ ఆయా దేశాల టెలివిజన్ మార్కెట్టు విలువనూ కలిపి నూటికి 35 వంతులు చేశారు. అందరికీ సమానంగా పంచేది 27.5. అంటే యీ యేడు యెలా ఆడినా సరే, తాత ఆడిన ఆటకు మనవడికి అద్దె ముడుతుంది. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిని కూర్చున్నా ఫర్వాలేదని మన సామెత. యిక్కడ వడ్డించేవాడూ మనవాడే, పంక్తీ మొదటిదే.

అయితే నాకౌటు మొదటి రౌండు నిజంగా చచ్చిపోయిందా? లేదు. దాన్ని పేదవాళ్ళకు వదిలేశారు. చిన్నదేశాల ఛాంపియన్లకు అది జూలైలో జరుగుతుంది. పెద్ద క్లబ్బుల ఆటగాళ్ళు సముద్రతీరాల్లో సెలవులు గడుపుతున్నప్పుడు, అల్బేనియా, ఐస్లాండ్, ఆర్మేనియా, వేల్స్ ఛాంపియన్లు ఓడితే యింటికనే పాత న్యాయం కింద కొట్టుకుంటారు. 2021లో షెరిఫ్ తిరాస్పోల్ అల్బేనియా, ఆర్మేనియా, సెర్బియా, క్రొయేషియా ఛాంపియన్లను నాలుగు రౌండ్లలో దాటి గ్రూపు దశకు చేరింది. సెప్టెంబరు 28న మాడ్రిడ్ వెళ్ళి రియల్‌ను 2-1గా ఓడించింది. ప్రపంచమంతా చప్పట్లు కొట్టింది, నేనూ కొట్టాను. తరువాత చదివితే, ట్రాన్స్‌నిస్ట్రియా ప్రాంతంలో దుకాణాలూ పెట్రోలు బంకులూ చేతిలో పెట్టుకున్న కంపెనీ పేరే ఆ క్లబ్బుకు పెట్టారని తెలిసింది. చప్పట్లు కొట్టిన చేతులు కొంచెం మండాయి. చిన్న దేశం క్లబ్బు కావడం చేతనే యెవరూ పేదల పక్షం కారు. కాని ఆ రాత్రి మాడ్రిడ్ ఓడింది నిజం; ఆ ఓటమి వల్ల దానికి యేమీ కాలేదన్నదీ నిజం. రియల్ ఆ గ్రూపులో మొదటి స్థానం పొంది, ఆ సంవత్సరం కప్పు కూడా నెగ్గింది. పాత మొదటి రౌండులో సొంత మైదానంలో అలా ఓడి వుంటే, తిరాస్పోల్ వెళ్ళి గెలిచి తీరవలసివచ్చేది.

మా స్టాఫ్ రూములో అర్థశాస్త్రం చెప్పే మిత్రుడొకరు వున్నారు. నాకంటే యెక్కువ చదివినవారు, ఓపికగా వాదించేవారు. ఆయన అంటారు: "మాస్టారూ, రెండు ఆటల్లో తేలేది బలం కాదు, అదృష్టం. యెనిమిది ఆటలు ఆడితే నిజమైన బలం బయటపడుతుంది. పైగా 32 పోయి 36 అయ్యాయి, చిన్నవాళ్ళకూ చోటు పెరిగింది. మీరు అదృష్టాన్ని సమానత్వం అనుకుంటున్నారు."

యీ వాదనలో సగం నిజం వుంది. 1988లో పి.ఎస్.వి. ఐంధోవన్ క్వార్టర్ ఫైనల్ నుంచి ఒక్క ఆట కూడా గెలవకుండా, అయిదు ఆటలూ సమం చేసుకుంటూ, పరాయి మైదానంలో కొట్టిన గోళ్ళ లెక్కతోనూ చివరికి పెనాల్టీలతోనూ కప్పు తీసుకుపోయింది. దాన్ని న్యాయమని నేను కూడా అనలేను. కాని మిగతా సగం చూద్దాం. 2024-25లో చిన్నవాళ్ళకు పెరిగిన చోట్లలోకి వచ్చినవారిలో స్లొవాన్ బ్రాటిస్లావా ఒకటి. జూలై నుంచి నాలుగు నాకౌటు రౌండ్లు దాటి వచ్చింది. వచ్చి యెనిమిది ఆటలూ ఓడింది. స్విట్జర్లాండ్ యంగ్ బాయిస్ కూడా యెనిమిదికి యెనిమిదీ ఓడింది. "అదీ వాళ్ళ నిజమైన బలం" అంటారు మిత్రులు. అలా అయితే యిదే స్లొవాన్ 1969లో కప్ విన్నర్స్ కప్పు ఫైనల్లో బార్సెలోనాను 3-2గా యెలా ఓడించింది? యిదే యంగ్ బాయిస్ 1959లో యూరోపియన్ కప్పు సెమీఫైనల్ దాకా యెలా వెళ్ళింది? బ్రాటిస్లావా కుర్రాళ్ళ కాళ్ళలో బలం తగ్గలేదు. సీజనుకు సీజను పోగుపడిన సొమ్ము ఒకవైపే పోగుపడింది. ఆ సొమ్ము బ్రాటిస్లావాలో మొలకెత్తే కుర్రవాణ్ణి పద్దెనిమిదో యేట కొనుక్కుపోతుంది. ఆ తరువాత యెనిమిది ఆటలు పెట్టి కొలిచి, చూశారా శాస్త్రీయంగా తేలిందంటారు. కొలిచేది బలాన్ని కాదు, ఆస్తిని. ఆట సంఖ్య పెరిగేకొద్దీ ఆస్తికి పొరపాటు జరిగే అవకాశం తగ్గుతుంది. యెనిమిది ఆటలలోని శాస్త్రీయత అంతే. 2005 నుంచి 2025 దాకా యిరవైయొక్క సంవత్సరాల విజేతలను చదవండి. ఇంగ్లండు, స్పెయిన్, ఇటలీ, జర్మనీ. చివరి సంవత్సరం ఖతార్ సొమ్ముతో నడిచే పారిస్. 2014 నుంచి 2024 దాకా పదకొండు కప్పుల్లో ఆరు రియల్ మాడ్రిడ్‌వే. తూర్పు యూరప్ నుంచి 1991లో బెల్‌గ్రేడ్ రెడ్ స్టార్ గెలిచింది. ఆ తరువాత 2025 దాకా ఒక్క పేరు లేదు.

నాకు అన్నిటికంటే వింతగా తోచేది మరొకటి. పెట్టుబడిదారుడికి లాభం యెందుకు రావాలని అడిగితే మన పాఠ్యపుస్తకాలు చెప్పే జవాబు యేమిటి? ఆయన నష్టభయానికి తలవొగ్గి సాహసిస్తాడట. ఆ సాహసానికి ప్రతిఫలమే లాభమట. మా మిత్రులు ప్రతి సంవత్సరం బి.ఎ. క్లాసులో యీ పాఠం చెబుతారు. ఫుట్‌బాల్లో అదే పెట్టుబడిదారుడు చేసిన మొట్టమొదటి కోరిక, నష్టభయం వున్న రౌండును యెత్తివేయమని! 2021 ఏప్రిల్ 18న పన్నెండు క్లబ్బులు సూపర్ లీగు ప్రకటించినప్పుడు యీ కోరిక బట్టలు విప్పుకుని నిలబడింది: యిరవైమందిలో పదిహేనుమందికి శాశ్వత స్థానాలు. యెంత చెత్తగా ఆడినా పోవడం వుండదు. చెల్సీ మైదానం ముందు ప్రేక్షకులు బస్సులకు అడ్డంగా నిలబడ్డారు. రెండు రోజుల్లో ఆరు ఇంగ్లండు క్లబ్బులూ తోకముడిచాయి. అది గొప్ప విజయమే, దాన్ని తక్కువచేసి మాట్లాడేవారితో నేను యేకీభవించను. కాని ఆ సంబరంలో, సూపర్ లీగును తిట్టిపోసిన యూరప్ ఫుట్‌బాల్ సంఘం మరునాడే, 19వ తేదీన, ఆ 36 క్లబ్బుల పథకాన్ని ఆమోదించుకున్న సంగతి చాలామంది గమనించలేదు. వీధిలో అడ్డుకున్నది వాకిలి గుండా రాబోతున్న దొంగను. పెరటి గోడ అప్పటికే కూలగొట్టి వుంది.

యిక మనలో మరొక తరగతి మిత్రులు వున్నారు. వారు అసలు నన్నే తప్పు పడతారు. ఫుట్‌బాల్ జనానికి మత్తుమందు, పైగా పరాయి దేశపు కోటీశ్వరుల ఆట, అభ్యుదయ పత్రికలో దానికి పేజీలెందుకు అంటారు. పరాయిది అనేవారికి హైదరాబాదు గుర్తుచేస్తే చాలు. సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. కలకత్తా పెద్ద క్లబ్బుల పలుకుబడిని అడిగి గెలవలేదు. ఓడితే యింటికి అన్న పోటీలో గెలిచింది. ఆ రహీం శిక్షణలోనే, సికిందరాబాదు కుర్రవాడు తులసీదాస్ బలరాం కూడా వున్న భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాలుగో స్థానం పొందింది. మత్తుమందు అనేవారికి నా ప్రశ్న: యేడుగురు విద్యార్థులు తెల్లవార్లూ మేలుకుని, పెద్దవాళ్ళకు చిన్నవాళ్ళను మేతగా వేయాలన్న నీతిని న్యాయమని నేర్చుకుంటుంటే, ఆ గదిలోకి మనం వెళ్ళమా? మనం వెళ్ళకపోతే ఆ పాఠం చెప్పేవాడు లేక ఆగిపోతుందా? పంచతంత్రంలో సింహానికి రోజుకొక జంతువును వంతులవారీగా పంపే యేర్పాటును క్లాసులో చెబుతూ, అది యెవరికి న్యాయమని విద్యార్థులను అడుగుతాం గదా. దానికీ దీనికీ తేడా నాకు కనపడదు.

ఆ మాటే మా విద్యార్థితో, మర్నాడు క్లాసు అయ్యాక, అన్నాను. నాపోలీ కథ చెప్పాను, ఫారెస్ట్ కథ చెప్పాను. వాడు పూర్తిగా ఒప్పుకోలేదు. "ఫారెస్ట్ గెలిచింది కాబట్టి మీకు నచ్చింది సార్. లివర్‌పూల్ వాళ్ళకి యెలా వుంటుంది?" అన్నాడు. మంచి ప్రశ్నే. లివర్‌పూల్ 1981లో మళ్ళీ గెలిచిందని చెప్పాను, ఛాంపియన్‌గా వచ్చి, మొదటి రౌండు ఆడి. కొంచెంసేపు ఆలోచించి, ఆ జూలై ఆటలు యెక్కడ చూడవచ్చో అడిగి వెళ్ళిపోయాడు.

2025 జూలైలో సెలవులయ్యాక కాలేజీ తెరిచిన కొత్తలో ఫోనులో ఒక జాబితా తీసుకువచ్చి చూపించాడు. ఛాంపియన్స్ లీగు మొదటి అర్హత రౌండు జతలు. సగం వూళ్ళ పేర్లు మా యిద్దరికీ పలకడం రాలేదు. ఒక జత మీద వేలు పెట్టాడు: డబ్లిన్ షెల్‌బోర్న్, బెల్‌ఫాస్ట్ లిన్‌ఫీల్డ్. ఒకే దీవి, మధ్యలో సరిహద్దు. ఆ సరిహద్దు కథంతా వాడు అప్పటికే చదివేశాడు. "యిలాంటి యిద్దరూ మొదటి రౌండులోనే తగిలారేమిటి సార్?" అన్నాడు. అని, తనే నవ్వాడు.